ఎస్‌డీ-1 ఓవర్‌డ్రైవ్ పెడల్‌తో నెల రోజులు: గిటార్‌పై గమకం నిలిచేదెలా

ఎలక్ట్రిక్ గిటార్‌పై తోడి రాగంలోని గాంధారాన్ని పలికించడానికి ప్రయత్నించిన వారికి ఒక ఇబ్బంది తప్పకుండా అనుభవంలోకి వచ్చి ఉంటుంది. శుద్ధ రిషభం ఉన్న ఫ్రెట్ (మెట్టు) మీద వేలు పెట్టి, తీగను పక్కకు లాగి, గాంధారం మీదుగా మధ్యమం అంచు దాకా ఊపుతాం. మొదటి ఊపు చక్కగా వినిపిస్తుంది, రెండోది సన్నబడుతుంది, మూడోది వచ్చేసరికి తీగలో నాదం అడుగంటిపోయి, వేలు కదలడం కంటికి కనిపిస్తుందే గాని చెవికి ఏమీ అందదు. ఆంప్లిఫయర్ (ఆంప్) శబ్దం పెంచితే మీటిన క్షణం మాత్రం చెవిలో గుచ్చుకుంటుంది, ఆ తరువాత వచ్చే నాదం ఎప్పటిలాగే త్వరగా కరిగిపోతుంది. ఈ లోటు తీరుతుందేమోనన్న ఆశతో నెల రోజుల క్రితం బాస్ ఎస్‌డీ-1 సూపర్ ఓవర్‌డ్రైవ్ పెడల్‌ను కొత్తది కొన్నాను. రాక్ వాద్యకారుల కోసం తయారైన పరికరాన్ని గమకం కోసం, అంటే స్వరాన్ని ఇలా ఊపి పలికించడం కోసం, కొనడం కొందరికి వింతగా తోచవచ్చు. నెల రోజుల వాడకం తరువాత నాకు కలిగిన అభిప్రాయం ఏమిటంటే, ఈ పెడల్‌ను కొనవలసింది అది స్వరాన్ని నిలబెట్టే తీరు కోసమే. అందరూ చెప్పుకునే గరగర దాని వెంట వచ్చే గుణం, కావలసినప్పుడు వాడుకోవచ్చు, అక్కరలేనప్పుడు దాదాపు వినిపించకుండా అణచి ఉంచవచ్చు.

ఓవర్‌డ్రైవ్ అనే మాట ట్యూబ్ ఆంప్లిఫయర్ల నాటిది. ట్యూబులతో పనిచేసే ఆంప్‌ను దాని హద్దు దాటించి మోగిస్తే, లోపలికి వచ్చే తరంగాల శిఖరాలు కోసుకుపోయి చదునవుతాయి. ఆ కోత వల్ల స్వరానికి కొత్త అనుస్వరాలు (అసలు స్వరంతో పాటు సన్నగా పలికే పై స్వరాలు) వచ్చి చేరతాయి, పెద్ద శబ్దానికీ చిన్న శబ్దానికీ మధ్య ఎడం తగ్గుతుంది. అయితే ఆ స్థితి రావాలంటే ఆంప్‌ను చాలా గట్టిగా మోగించాలి. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలో అది కుదిరే పని కాదు. ఆ పనినే పాదం కింద ఇమిడే చిన్న పెట్టెతో చేయించడానికి జపాన్ ఇంజనీర్లు 1970ల్లో పూనుకున్నారు. రోలాండ్ సంస్థకు చెందిన బాస్ 1977లో తన కాంపాక్ట్ పెడళ్ల వరుసను ప్రారంభించినప్పుడు వాటిలో ఓడీ-1 అనే ఓవర్‌డ్రైవ్ ఒకటి. దానికి పై ధ్వనుల పాళ్లను సరిచేసే టోన్ నాబ్ లేదు. ఆ నాబ్‌ను చేర్చి 1981లో విడుదల చేసినదే ఎస్‌డీ-1. నాటి నుంచి నేటి వరకు అది మార్కెట్లో ఉంటూనే ఉంది. నలభై ఏళ్లు దాటినా కొత్తది కొత్తగానే దొరుకుతున్న పరికరం కనుక, పాత కాలపు పెడళ్లను వేలంలో వెతుక్కునే శ్రమ దీనికి అక్కరలేదు. ధర కూడా దీనితో ఎప్పుడూ పోల్చే ఐబనీజ్ టీఎస్9 (ట్యూబ్ స్క్రీమర్) పెడల్ కన్నా తక్కువే.

నేను పరీక్షించిన పరిస్థితులు ముందే చెప్పడం న్యాయం. నాది స్ట్రాటోకాస్టర్ తరహా గిటార్, మూడు సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే, ఒకే తీగచుట్ట ఉన్న భాగాలు), 9 గేజ్ సన్న తీగలు. ఇంట్లో 20 వాట్ల ట్రాన్సిస్టర్ ఆంప్ ఉంది. ఒక మిత్రుడు తన 15 వాట్ల ట్యూబ్ ఆంప్‌ను, హంబకర్ (రెండు చుట్టల) పికప్‌లున్న గిటార్‌ను రెండు సాయంత్రాల పాటు నాకు వదిలిపెట్టాడు. ఇవి గాక నాలుగు ఆదివారాలు మా క్రైస్తవ సంఘంలో ఆరాధనకు పెడల్‌ను వెంట తీసుకువెళ్లాను. గిటార్‌ను మామూలు శ్రుతిలోనే ఉంచి, ఇ స్వరాన్ని షడ్జంగా పెట్టుకుని, అంటే మూడు శ్రుతిలో వాయిస్తాను.

పెడల్ 73 మిల్లీమీటర్ల వెడల్పు, 129 మిల్లీమీటర్ల పొడవు, 59 మిల్లీమీటర్ల ఎత్తు ఉండే పసుపు రంగు లోహపు పెట్టె. పైన వరుసగా లెవెల్ (శబ్దం ఎత్తు), టోన్, డ్రైవ్ (కోత మోతాదు) అనే మూడు నాబ్‌లు, వాటికి దిగువన పెట్టె సగానికి పైగా ఆక్రమించే రబ్బరు అతికించిన తొక్కుడు పలక ఉంటాయి. వాయిస్తూ కిందికి చూడకుండానే పాదం దాన్ని కనుక్కుంటుంది. చిన్న బొడిపె లాంటి స్విచ్ ఉండే పెడళ్లతో నాకు ఈ సౌకర్యం దొరకలేదు. తొక్కినప్పుడు టక్కుమనే చప్పుడు కూడా లేదు. ప్రార్థన జరుగుతుండగా, పాట మొదలు కావడానికి ముందే పెడల్‌ను సిద్ధం చేసుకోవలసిన వాడికి ఇది చిన్న విషయం కాదు. బ్యాటరీ మార్చడానికి పలక ముందున్న మరను చేతితో తిప్పితే చాలు, స్క్రూడ్రైవర్ అవసరం రాదు.

ఇక లోపల జరిగేది. దీన్ని విద్యుత్ భాషలో కన్నా స్వరాల భాషలో చెబితే మన సంగీతం తెలిసిన వారికి సులువుగా అర్థమవుతుందని నా అనుభవం. షడ్జాన్ని మీటినప్పుడు తీగ ఒక్క షడ్జాన్నే పలకదు. దాని రెట్టింపు వేగంలో తార షడ్జం, మూడు రెట్ల వేగంలో ఆ పై పంచమం, ఐదు రెట్ల దగ్గర అంతర గాంధారం, ఏడు రెట్ల దగ్గర కైశిక నిషాదానికి కాస్త దిగువన ఉండే ఒక స్వరం, ఇలా వరుసగా అన్నీ సన్నసన్నగా పలుకుతాయి. తంబూర శ్రద్ధగా వినేవారికి అంతర గాంధారం దానంతట అదే వినిపించేది ఈ కారణం చేతనే. ఓవర్‌డ్రైవ్ పెడల్ శిఖరాలను కోసినప్పుడు ఈ అనుస్వరాలకే బలం పెరుగుతుంది. ఏవి పెరుగుతాయన్నది కోత ఎలా జరుగుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. తరంగం పై అంచునూ కింది అంచునూ సమానంగా కోస్తే కొత్తగా పుట్టేవి బేసి సంఖ్యల అనుస్వరాలు, అంటే పంచమం, గాంధారం, ఆ వింత నిషాదం. ఒక పక్క ఎక్కువగా, మరో పక్క తక్కువగా కోస్తే వాటితోపాటు సరి సంఖ్యలవి, ముఖ్యంగా తార షడ్జం, కూడా పుడతాయి. ట్యూబ్ స్క్రీమర్ మొదటి పద్ధతిని, ఎస్‌డీ-1 రెండో పద్ధతిని అనుసరిస్తాయి. ఇందులో ఒక పక్క రెండు సిలికాన్ డయోడ్లు (కొంత వోల్టేజీ దాటాకే కరెంటును వెళ్లనిచ్చే భాగాలు) వరుసగా, రెండో పక్క ఒక్కటే ఉంటాయి. ఒక్కో డయోడ్ సుమారు 0.6 వోల్టుల దగ్గర తలుపు తెరుస్తుంది కనుక, రెండున్న పక్క శిఖరం ఒకటున్న పక్కకు రెట్టింపు ఎత్తు దాకా ఎదిగిన తరువాతే కోతకు గురవుతుంది.

మరో సంగతి ఇంతకన్నా ముఖ్యమైనది. ఈ డయోడ్లు సంకేతం వెళ్లిపోయే దారిలో చివర కూర్చుని అన్నిటినీ ఒకే ఎత్తుకు నరికివేయవు. ఆప్ ఆంప్ అనే చిప్ తన ఫలితాన్ని తానే వెనక్కి చూసుకుని సరిదిద్దుకునే ఫీడ్‌బ్యాక్ మార్గంలో ఉంటాయి. అందువల్ల చిన్న సంకేతం వచ్చినప్పుడు పెడల్ దాన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది, పెద్దది వచ్చినప్పుడు డయోడ్లు తెరుచుకుని ఆ పెంపును బాగా తగ్గించేస్తాయి. పైగా కోతకు గురైన సంకేతంతో పాటు గిటార్ నుంచి వచ్చిన అసలు సంకేతం కూడా కలిసే బయటికి వస్తుంది. నా గాంధారం మూడో ఊపు నిలబడడానికి మొదటి గుణం కారణం: తీగ నాదం క్షీణిస్తున్న కొద్దీ పెడల్ పెంపు ఎక్కువవుతూ ఆ తరుగును పూరిస్తుంది. మీటు బలం, వేలి మెత్తదనం పూర్తిగా మాసిపోకుండా ఉండడానికి రెండో గుణం కారణం. గట్టిగా మీటితే కాస్త కరకు, మెత్తగా మీటితే తేట. ఆ తేడా వినిపిస్తూనే ఉంటుంది.

తోడి పరీక్షకు వస్తాను. నాబ్‌ను గడియారపు ముల్లులా లెక్కిస్తే, డ్రైవ్‌ను తొమ్మిది గంటల స్థానంలో, టోన్‌ను పదకొండు దగ్గర, లెవెల్‌ను పెడల్ వేసినా తీసినా శబ్దం ఒకే ఎత్తులో ఉండేలా పెట్టుకున్నాను. మెడ దగ్గరి పికప్‌ను ఎంచుకుని, రెండో తీగపై అయిదో ఫ్రెట్‌లో షడ్జం పలికించి, ఆరో ఫ్రెట్ నుంచి తీగను లాగి గాంధారాన్ని ఊపాను. పెడల్ లేకుండా రెండున్నర ఊపులకు మించి వినిపించనిది, పెడల్‌తో అయిదు ఊపులు స్పష్టంగా వినిపించింది. నాకు మరీ నచ్చినది ఊపుల లెక్క కాదు. తీగను లాగి మళ్లీ రిషభం వైపు వదులుతున్నప్పుడు వచ్చే ఆ దిగుడు, మధ్యమం అంచున ఒక్క క్షణం ఆగే ఆ ఆనవాలు, ఇంతకాలం నా చేతికి తెలుసు, చెవికి మాత్రం చేరేవి కావు. పెడల్ వేశాక రెండూ వినిపించాయి. వాటితో పాటు నా తప్పులూ వినిపించాయి: మూడో ఊపులో నేను మధ్యమం దాకా వెళ్లడం లేదని, దానికి చాలా దిగువనే ఆగిపోతున్నానని ఆ రోజే తెలిసింది. వారం రోజులు ఆ ఒక్క ఊపు మీదే సాధన చేశాను.

వీణ మీద తీగను పక్కకు లాగి గమకం పలికించడం మనకు తరాలుగా తెలిసిన విద్య. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్, మామూలు మాండలిన్‌లోని జంట తీగలను విడిచి, అయిదు ఒంటి తీగల విద్యుత్ మాండలిన్‌పై కర్ణాటక సంగీతాన్ని పలికించారు. పికప్, ఆంప్ ఉన్న వాద్యానికి మన గమకాలు పరాయివి కావని ఆయన చేతులు నిరూపించాయి. గిటార్ మీద ఈ దారిలో నడిచే వారికి ఓవర్‌డ్రైవ్ చేయగలిగిన సాయం ఎంతవరకు అన్నదే ఇక్కడ నా ప్రశ్న. డ్రైవ్ నాబ్‌ను పదకొండు దాటిస్తే సాయం తగ్గిపోతుందని చెప్పవలసి ఉంది. పన్నెండు గంటల దగ్గర స్వరం ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది గాని, ఊపులోని బలాబలాలన్నీ ఒకే ఎత్తుకు వచ్చి, గమకం సైరన్ మోతను తలపిస్తుంది. రెండు గంటల స్థానం దాటితే స్ఫురితం అనే జంట స్వరాల గమకంలోని రెండో దెబ్బ మొదటి దెబ్బలో కలిసిపోతుంది. నిలకడ ఎంత పెరిగినా ఒత్తులు పోతే రాగం పోయినట్లే.

ఒకటికి మించి తీగలను కలిపి మోగించినప్పుడు జరిగేది వేరు, అది ఈ పెడల్‌లో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించింది. రెండు స్వరాలు కలిసి కోతకు గురైనప్పుడు వాటి వేగాల మధ్య తేడాకు సమానమైన మూడో స్వరం ఒకటి కిందినుంచి పుడుతుంది. నాలుగో తీగ రెండో ఫ్రెట్‌లో షడ్జం సుమారు 165 హెర్ట్జ్, మూడో తీగ నాలుగో ఫ్రెట్‌లో పంచమం సుమారు 247 హెర్ట్జ్. తేడా 82, అంటే సరిగ్గా ఒక స్థాయి దిగువన ఉన్న షడ్జం. అందుకే షడ్జ పంచమాలను కలిపి మోగిస్తే పెడల్ వాటికి ఆధార శ్రుతిని తానే అందిస్తున్నట్లుగా నిండుగా వినిపిస్తుంది. అదే షడ్జంతో అంతర గాంధారాన్ని కలిపితే కథ మారుతుంది. గిటార్ ఫ్రెట్లు సమాన విభజనలో ఉంటాయి కనుక ఫ్రెట్ చూపించే గాంధారం సహజ గాంధారం కన్నా కాస్త పైన ఉంటుంది. ఒకటో తీగను ఓపెన్‌గా మోగిస్తూ రెండో తీగను తొమ్మిదో ఫ్రెట్‌లో నొక్కితే, ఒకటి 330 హెర్ట్జ్, ఇంకొకటి 415. షడ్జపు అయిదో అనుస్వరం 1648 దగ్గర, గాంధారపు నాలుగో అనుస్వరం 1661 దగ్గర పడి, సెకనుకు పదమూడు సార్లు ఒకదానితో ఒకటి ఒరుసుకుంటాయి. పెడల్ లేనప్పుడు ఈ ఒరిపిడి వినీవినిపించనట్లు ఉంటుంది. పెడల్ వేస్తే గొంతులో కఫం అడ్డుపడినట్లు ముందుకు వస్తుంది.

అప్పుడు నేను చేసిన పని ఇది: వేలిని ఎనిమిదో ఫ్రెట్‌కు, అంటే సాధారణ గాంధారానికి దించి, తీగను మెల్లగా పైకి లాగుతూ పోయాను. 415 చేరడానికి కొంచెం ముందే, 412 దగ్గర, ఆ గరగర ఒక్కసారిగా సర్దుకుని, రెండు స్వరాలూ ఒకే నాదంగా కలిసి నిలిచాయి. తంబూరలో వినిపించే గాంధారం అదే. చెవికి సందేహం వస్తే పెడల్ తీర్పు చెబుతోంది. శ్రుతి శుద్ధికి ఓవర్‌డ్రైవ్ ఇంత పనికివస్తుందని నేను అనుకోలేదు. ఇప్పుడు రోజూ సాధన మొదట్లో పది నిమిషాలు ఇలాగే గడుపుతున్నాను.

నాలుగైదు తీగల కార్డ్‌లు వాయించే వారికి మాత్రం డ్రైవ్ పెంచిన కొద్దీ నిరాశ తప్పదు. షడ్జం, అంతర గాంధారం, పంచమం కలిసిన మేజర్ కార్డ్‌లో పైన చెప్పిన ఒరిపిడి గాంధారం ఉన్న ప్రతి జతలోనూ జరుగుతుంది. షడ్జ పంచమాలు తప్ప మిగిలినవి వదిలిపెట్టి వాయించే పవర్ కార్డ్‌లు రాక్ సంగీతంలో ఎందుకు పాతుకుపోయాయో పెడల్ వేసి ఒక్కసారి రెండూ వింటే ఎవరూ వివరించనక్కరలేదు.

ఈ పెడల్ మంద్ర ధ్వనులను కొంత కుదిస్తుంది, మధ్య ధ్వనులను ముందుకు తెస్తుంది. ట్యూబ్ స్క్రీమర్‌లో సుమారు 720 హెర్ట్జ్ కన్నా దిగువన పెంపు క్రమంగా తగ్గుతూ పోయేలా అమర్చారు. ఎస్‌డీ-1 నడక కూడా ఆ దారిలోనే ఉంటుంది. ఇంట్లో ఒంటరిగా వాయిస్తుంటే ఇది లోపంగానే తోస్తుంది. ఆరో తీగ పలుచబడినట్లు, గిటార్ కడుపు ఖాళీ అయినట్లు ఉంటుంది. మొదటి రెండు రోజులు నేను దీన్ని తిరిగి ఇచ్చేద్దామా అని కూడా అనుకున్నాను.

ఆదివారం వాయించాక ఆ ఆలోచన మానుకున్నాను. మా మందిరంలో కీబోర్డ్ రెండు చేతులా నిండుగా మోగుతుంది, దాని కింద బేస్ గిటార్, పక్కన తబలా, రిథమ్ ప్యాడ్, అన్నిటి మీద అరవై డెబ్బై మంది గొంతులు. పైన రేకుల కప్పు కావడంతో మంద్ర ధ్వనులన్నీ కలిసి హోరుగా మారతాయి. ఇంతకు ముందు చరణాల మధ్య నేను వాయించే వరుస నాకే వినిపించేది కాదు. మిక్సర్ దగ్గర ఉన్న తమ్ముడు నా శబ్దం పెంచేవాడు, పాట మొదలుకాగానే అది ఎక్కువైపోయి మళ్లీ తగ్గించేవాడు. పెడల్ వేశాక, శబ్దం ఏమీ పెంచకుండానే ఆ వరుస చివరి బల్ల దాకా వినిపించిందని అక్కడ కూర్చున్న పెద్దలు చెప్పారు. బేస్ గిటార్‌కూ తబలా డగ్గాకూ కీబోర్డ్ ఎడమ చేతికీ చెందిన చోటును గిటార్ ఖాళీ చేసి, తనకు తగిన మధ్య చోటులో నిలబడడమే దీనికి కారణం. తెలుగు క్రైస్తవ కీర్తనల పుస్తకాల్లో చాలా పాటల తలమీద రాగం, తాళం పేర్లు అచ్చు వేసి ఉంటాయి. ఆ పాత కీర్తనలకు రాగం తెలిసేలా ఒక చిన్న సంచారం వాయించి గాయకులకు అందివ్వడం నాకు ఇష్టమైన పని. మోహనలో ఒక కీర్తనకు ముందు ఆ రెండు పంక్తుల సంచారం ఈసారి హోరులో మునగలేదు.

అయితే జాగ్రత్త ఒకటి ఉంది. మనిషి గొంతు స్పష్టతకు ఆధారమైన ధ్వనులు కూడా ఈ మధ్య చోటుకు దగ్గరలోనే ఉంటాయి. పాట జరుగుతుండగా పెడల్‌ను వేసి ఉంచితే గిటార్ మాటల మీద పడుతుంది. రెండో ఆదివారం నేను ఆ పొరపాటు చేశాను, ముందు వరుసలోని సోదరి వెనక్కి తిరిగి చూశాకే గ్రహించాను. గొంతు ఎత్తుకోగానే పాదం పెడల్‌ను ఆపాలి. ఈ అలవాటు పడేందుకు కొంత కాలం పడుతుంది.

కరెంటు విషయం విడిగా చెప్పాలి, మన ఇళ్లలో ఓవర్‌డ్రైవ్ వాడకంలో సగం చిక్కులు అక్కడే వస్తాయి. పెడల్ చిన్న సంకేతాన్ని ఎక్కువగా పెంచుతుంది అన్నాను. గిటార్ మౌనంగా ఉన్నప్పుడు లోపలికి వచ్చే చిన్న సంకేతం కరెంటు రొద ఒక్కటే. మన కరెంటు 50 హెర్ట్జ్ లయలో నడుస్తుంది. సరిగా వడకట్టని అడాప్టర్ దాన్ని 100 హెర్ట్జ్ రొదగా మార్చి పెడల్‌లోకి పంపుతుంది. మూడు శ్రుతిలో వాయించే నాకు ఆ 100 హెర్ట్జ్ సాధారణ గాంధారానికి కాస్త పైన, ఏ రాగానికీ చెందని చోట పడుతుంది. తప్పుడు శ్రుతిలో తంబూర పెట్టుకుని పాడినట్లే ఉంటుంది. మొదట నేను వీధి చివర దుకాణంలో కొన్న చవక అడాప్టర్‌తో ఇదే జరిగింది, పెడల్‌లో లోపం ఉందేమోనని కంగారు పడ్డాను. బ్యాటరీ పెట్టి చూడగానే రొద మాయమైంది. కనుక రొద వస్తే ముందు చేయవలసిన పని బ్యాటరీతో పోల్చి చూడడమే. తరువాత సంగీత పెడళ్ల కోసమే తయారైన 9 వోల్టుల అడాప్టర్ కొన్నాను. దాని పిన్ను మధ్య భాగం నెగటివ్‌గా ఉండాలి. ఇంట్లో వేరే పరికరాలకు వాడే అడాప్టర్లు చాలా వరకు దీనికి విరుద్ధంగా ఉంటాయి, చూడకుండా గుచ్చకూడదు.

సింగిల్ కాయిల్ పికప్ తానే పట్టుకునే రొద దీనికి అదనం. నా గిటార్‌లో రెండో, నాలుగో స్విచ్ స్థానాల్లో రెండు పికప్‌లు ఒకదాని రొదను మరొకటి రద్దు చేసుకుంటాయి కనుక, పెడల్ వేసినప్పుడు వీలైనంత వరకు ఆ స్థానాల్లోనే ఉంటున్నాను. తీగల మీద చేయి పెట్టగానే రొద బాగా తగ్గిపోతుంటే ఒక్కసారి ప్లగ్‌లో ఎర్త్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోవడం మంచిది. ట్యూబ్ ఆంప్ వాడేవారు దీన్ని ఏమాత్రం వాయిదా వేయకూడదు; లోహపు తీగల మీద రెండు చేతులూ పెట్టి వాయించే వాద్యం ఇది. బ్యాటరీతో వాడేటప్పుడు మరో మాట: ఇన్‌పుట్ జాక్‌లో కేబుల్ గుచ్చి ఉన్నంతసేపు, లైటు వెలగకపోయినా, బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. రాత్రి కేబుల్ తీయడం మరిచిపోయిన రోజులు లెక్కబెడితే అడాప్టరే చవక.

మిత్రుడి ట్యూబ్ ఆంప్‌తో గడిపిన రెండు సాయంత్రాలు పెడల్‌లోని ఇంకో ముఖం చూపించాయి. డ్రైవ్‌ను దాదాపు సున్నాకు దించి, లెవెల్‌ను పూర్తిగా పెంచి, అప్పటికే కాస్త కరకుగా మోగుతున్న ఆంప్ ముందు పెడితే, కోసే పని ట్యూబులే చేస్తాయి. పెడల్ చేసేదల్లా మంద్రాన్ని కుదించి సంకేతాన్ని గట్టిగా తోయడం. హంబకర్ గిటార్‌తో ఈ అమరిక బిగువుగా, మీటిన ప్రతి దెబ్బ విడివిడిగా తెలిసేలా వినిపించింది. భారీ రాక్ వాయించేవారు ఎస్‌డీ-1ను ఎక్కువగా ఇలాగే వాడతారు. ట్యూబ్ ఆంప్ అందుబాటులో ఉన్నవారు ఈ అమరికను తప్పక వినాలి. నా ట్రాన్సిస్టర్ ఆంప్ ముందు ఇదే ప్రయోగం చేస్తే శబ్దం పెరిగింది, అంతకు మించి ఏమీ జరగలేదు.

మిత్రుడి దగ్గరే టీఎస్9 కూడా ఉండడంతో రెంటినీ పక్కపక్కన పెట్టి విన్నాం. తేడా ఉంది గాని, చర్చల్లో చెప్పుకునేంత పెద్దది కాదు. మామూలు వేగంలో వాయిస్తున్నప్పుడు ఇద్దరం కళ్లు మూసుకుని చెప్పలేకపోయాం. ఒక్క స్వరాన్ని మీటి నాలుగైదు సెకన్లు నిలిపినప్పుడు మాత్రం, ఎస్‌డీ-1లో స్వరం అంచున పై స్థాయి షడ్జపు మెరుపు, కాస్త కరకుదనం నిలిచాయి. టీఎస్9 నునుపుగా, గుండ్రంగా వినిపించింది. గమకాల అంచులు తెలియాలని కోరుకునే నాకు మొదటిది నచ్చింది, బ్లూస్ వాయించే మిత్రుడికి రెండోదే ప్రాణం. లోపల ఏ చిప్ ఉందన్న దాని మీద గంటల తరబడి సాగే వాదనలకు నా చెవికి ఆధారం దొరకలేదు. చేతిలో ఉన్న పికప్ స్థానాన్ని మార్చినప్పుడు వచ్చే తేడా ఈ రెండు పెడళ్ల మధ్య తేడా కన్నా ఎన్నో రెట్లు పెద్దది.

ఆపి ఉంచినప్పుడు కూడా సంకేతం దీనిలోని బఫర్ (సంకేతం బలహీనపడకుండా చూసే చిన్న సర్క్యూట్) గుండా పోతుంది. పొడవాటి కేబుల్‌లో పై ధ్వనులు మందగించకుండా అది కాపాడుతుంది. మందిరంలో నా గిటార్‌కూ మిక్సర్‌కూ మధ్య ఉన్న దూరానికి ఇది మేలే చేసింది. పాత తరహా ఫజ్ పెడళ్లు (ఇంతకన్నా బరకగా మోగేవి) వాడేవారు మాత్రం వాటిని దీని ముందు పెట్టుకోవాలి, బఫర్ తరువాత వాటిలో చాలావరకు సరిగా పలకవు.

కొనే ఆలోచన ఉన్నవారు సొంత గిటార్‌ను దుకాణానికి తీసుకువెళ్లి, అక్కడి వారు వినిపించే వేగవంతమైన వాయింపును పక్కన పెట్టి, తాము రోజూ వాయించే ఒక్క స్వరాన్ని మీటి, అది ఎలా కరుగుతుందో వినాలని నా మనవి. వీలైతే పక్కన కీబోర్డ్ ఎవరైనా వాయిస్తుండగా వినాలి. ఒంటరిగా వింటే ఈ పెడల్‌పై నా మొదటి రెండు రోజుల అభిప్రాయమే మీకూ కలుగుతుంది.

ప్రస్తుతం నా పెడల్‌పై డ్రైవ్ తొమ్మిదిన్నర దగ్గర, టోన్ పదకొండు దగ్గర ఉన్నాయి. తెల్ల సిరాతో చిన్న గీతలు పెట్టుకున్నాను. మంద్ర స్థాయిలో పలుచదనం మాత్రం ఏ నాబ్‌తోనూ పూర్తిగా తీరలేదు. అందుకని ఆలాపన మంద్ర పంచమం కిందికి దిగే ముందు పాదంతో పెడల్ ఆపేస్తున్నాను, మళ్లీ మధ్య షడ్జం అందుకునే ముందు వేస్తున్నాను. ఆ రెండు తొక్కుళ్లూ వినేవారికి తెలియకుండా పడేలా ఇప్పుడు సాధన చేస్తున్నాను.